అస్వామిక వాహనము

మన పెరటిలో ఎవరో ఒక మోటారు బండిని విడిచిపోయిరనుకొనుడు. నెలలు గడచినను ఎవరును రారు. స్థలము మనది, బండి మనది కాదు. ఈ భేదమును మొదట గ్రహింపవలెను.

పూర్వము పరుల పశువు చేనిలో పడినచో బందెలదొడ్డికి తోలెడివారు. 1871 నాటి చట్టము ప్రకారము ఏడు దినములలో యజమాని రానిచో దొడ్డి అధికారి పోలీసులకు తెలుపవలెను. పెరటిలోని బండికి అట్టి దొడ్డి లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 127వ సెక్షనులో, పది గంటలు విడువబడిన బండిని తొలగించు అధికారమును పోలీసులకిచ్చినది. అయితే అది బహిరంగస్థలములకే.

కోపముతో చక్రములూడదీసి పాత ఇనుము వర్తకునికి అమ్మినచో, ఫిర్యాదు చేయవలసిన వాడే ముద్దాయి యగును! నంబరు వ్రాసికొని, ఫోటో తీయించి, ఠాణాలో అర్జీ ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. మన ప్రాంతమున దానిని కన్నడమున వ్రాయుట మేలు, జాగుండదు. ఆ బండి ఎక్కడనో అపహరింపబడినదై యుండవచ్చును. అప్పుడు ఆ రసీదే మనకు రక్ష.

పోలీసులు స్వాధీనపరచుకొన్న బండికి యజమాని తెలియనిచో, ఆరు మాసములలోగా వచ్చి హక్కు చూపవలెనని మేజిస్ట్రేటు ప్రకటన చేయించవచ్చును. 2023 నాటి భారతీయ నాగరిక సురక్షా సంహిత, 503వ సెక్షను చూడుడు. మనుస్మృతిలో ఈ గడువు మూడేండ్లు! ఎవరును రానిచో సొత్తు ప్రభుత్వపరమగును, పెరటివానికి దక్కదు.

యజమాని ఎవరో తెలిసినచో, ముందుగా గడువు తెలుపుచు స్పీడ్ పోస్టులో జాబు వ్రాసి, నకలు దాచుకొనవలెను.