‘ఎట్లున్నడు సారూ?’ – జవాబు తయారయ్యే తీరు

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి రోగి ఒంటరిగా రావడం తక్కువ. చర్ల అడవిలోంచో దుమ్ముగూడెం అవతలి గూడెంలోంచో ట్రాక్టరెక్కిస్తే వెంట పది మంది దిగుతారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వీఆర్ పురం వాళ్లూ, ఛత్తీస్‌గఢ్ కుంట వైపు వాళ్లూ ఈ గుమ్మానికే వస్తారు. అందరూ అడిగేది ఒక్కటే: “ఎట్లున్నడు సారూ?” దానికి జవాబు పరీక్షల రిపోర్టులోంచి ఊడిపడదు, తయారు చేయాలి.

ముందు అడిగేదెవరో తేల్చుకోవాలి. రోగికి తెలివి ఉంటే మొదటి మాట అతనితోనే: “నీ సంగతి ఎవరికి చెప్పమంటవ్?” చెప్పిన పేరు, వరస, ఫోను నంబరు కేస్ షీట్ మీద రాసుకోవాలి. ఒక్కరు చాలు. ఊరి పెద్ద వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నా, ఆ పేరు ఆయనది కాకపోతే ఆయనకు దక్కేది మర్యాదే, రిపోర్టు కాదు. రోగి స్పృహలో లేకపోతే దగ్గరి బంధువుకు చెబుతారు. తెలివొచ్చాక మళ్లీ రోగినే అడగాలి, ఈ రెండో అడగడం హడావిడిలో జారిపోతుంటుంది.

తర్వాతిది భాష, అసలు కష్టం ఇక్కడే. డాక్టరుకు కోయ రాదు, ముసలమ్మకు తెలుగు అరకొర, సరిహద్దు దాటి వచ్చి స్థిరపడిన గుత్తికోయలకు అదీ ఉండదు. మధ్యలో నిలబడేది ఎక్కువగా ఆశా కార్యకర్తే. దారిపొడవునా ధైర్యం చెప్పి తీసుకొచ్చిందీ ఆమే. అయితే ఆమె అదే గూడెం కోడలు. జ్వరం ఎన్నాళ్ల నుంచి, వాంతులు ఎన్ని, పసరు మందేమైనా తాగాడా అన్నవి ఆమె సాయంతో అడగొచ్చు. గర్భస్రావం, హెచ్ఐవీ, ఇంట్లో తిన్న దెబ్బలు ఆమె నోటి మీదుగా అడిగితే రోగి నోరు విప్పదు. ఆశా మీద నమ్మకం లేక కాదు, రేపు ఇద్దరూ ఒకే బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోవాలి. అలాంటప్పుడు ఆ గూడెంతో సంబంధం లేని, కోయ వచ్చిన సిస్టర్‌ను పిలవాలి. భర్తనూ కాసేపు బయటికి పంపాలి. ఎవరూ దొరక్క ఫోన్లో మాట్లాడించాల్సి వస్తే, రోగి చెవికీ డాక్టరు చెవికీ ఫోను మార్చుకుంటూనైనా సరే, స్పీకర్ మాత్రం పెట్టకూడదు.

ఇక వాక్యం. డ్యూటీ డాక్టరు ఒక్కసారి చెప్పి, టైము వేసి రాస్తే, షిఫ్టు మారినా సిస్టర్లంతా అదే మాట చెబుతారు. 2002 నాటి వైద్యవృత్తి నియమావళి ప్రకారం రోగ తీవ్రతను పెంచీ చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు. మన పత్రికల్లో “పరిస్థితి విషమం, కానీ నిలకడగా ఉంది” అని కనిపిస్తుంటుంది. అమెరికా ఆసుపత్రుల సంఘం ఈ ‘నిలకడ’ను పరిస్థితి పేరుగా వాడొద్దని సలహా ఇచ్చింది, నాకూ అదే సబబనిపిస్తుంది. అక్కడి హిపా నిబంధనల కింద, రోగి వద్దనకపోతే, పేరు చెప్పి అడిగిన వాళ్లకు పరిస్థితి ఎలా ఉందో స్థూలంగా ఒక ముక్క చెప్పొచ్చు. జబ్బు పేరు అందులో రాదు.

మన దగ్గర పేరు చెప్పినంత మాత్రాన సరిపోదు. మడకం, సోడి, మడివి ఇంటిపేర్లతో ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురు ఉండొచ్చు. ఫోను చేసినవాళ్లను తండ్రి పేరు, ఊరు అడిగి, కేస్ షీట్‌లోని నంబరుకు తిరిగి చేయడం మంచిది. దీనికి తిరగేసిన చిక్కు ఇంకొకటుంది. పాతిక ఇళ్ల గూడెంలో పేరు దాచి “ఫలానా గూడేనికి చెందిన 24 ఏళ్ల గర్భిణి” అని రాస్తే దాచిందేమీ లేదు. చిన్న ఊళ్ల విషయంలో పేరుతోపాటు ఊరూ వదిలేసి, మండలం దగ్గర ఆగాలి.

కొత్తగూడెం, ఖమ్మం లేదా వరంగల్ ఎంజీఎంకు రెఫర్ చేసేటప్పుడు పద్ధతి తిరగబడుతుంది. అక్కడ చూసే డాక్టరుకు ఏదీ దాచకూడదు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టొద్దంటుంది, కానీ వైద్యం చేసేవాళ్లు తమలో తాము చికిత్సకు అవసరమైన మేరకు చెప్పుకోవడాన్ని ఆపదు. చీటీ కవరులో పెట్టి 108 సిబ్బందికివ్వాలి, అటువైపు డ్యూటీ డాక్టరుకు ఫోను చేయాలి. కేస్ షీట్ ఫొటో తీసి నలభై మందున్న వాట్సాప్ గ్రూపులో పడేయడం పని తేలిక చేస్తుంది, నిజమే. కానీ ఒకసారి పడిన ఫొటో ఎక్కడెక్కడికి పోతుందో వేసినవాడికే తెలియదు.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 దగ్గరే. అలాంటి వరదలో నెలలు నిండినవాళ్లను ముందే ఆసుపత్రికి చేర్చాలంటే జాబితా చేతులు మారక తప్పదు. పడవ నడిపేవాడికి పేరు, గూడెం, నడవగలదా లేదా తెలిస్తే చాలు. రక్తం ఎంతుందో, పాత కాన్పులేమయ్యాయో ఏఎన్ఎం దగ్గరే ఉండాలి.

కొన్నిటికి రోగి వద్దన్నా కబురు వెళ్లాల్సిందే. క్షయ 2012 నుంచి ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బు. మలేరియా తేలితే చుట్టుపక్కల ఇళ్లలో రక్తపు పూతలు తీస్తారు, అప్పుడు ఎవరికి వచ్చిందో చెప్పకుండా వరసగా అన్ని ఇళ్లూ తిరగొచ్చు. దాడి, విషం, రోడ్డు ప్రమాదం కేసులకు పోలీసులకు సమాచారం పోతుంది. విలేకరులకు ఎంతమంది చేరారు, ఎంతమంది విషమంగా ఉన్నారన్నది సూపరింటెండెంట్ ఒక్కరే చెప్పాలి. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడమైతే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం.

చివరికి డిశ్చార్జి. ఇన్ని చేతుల నుంచి కాపాడిన కాగితం రోగికి మాత్రం అందాలి. ఇన్‌పేషెంటు రికార్డును కనీసం 3 ఏళ్లు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది. రాయడం రాకపోతే సిస్టర్ రాసిపెట్టిన అర్జీ మీద వేలిముద్ర వేసి ఇవ్వొచ్చు. అర్జీ ముట్టినట్టు రసీదు అడిగి తీసుకోవాలి, 72 గంటలు లెక్కపెట్టేది అక్కడి నుంచే.