ముందు రాయి, ఆ తర్వాతే చేప

పిల్లలు ‘నీమో’ చేప కావాలని పట్టుబడతారు. ఆదివారం షాపుకెళ్తే ట్యాంకు, ఉప్పు, చేప అన్నీ ఒకే ఆటోలో ఇంటికొచ్చేస్తాయి. వారం తిరక్కుండా చేప పైకి తేలుతుంది. ఉప్పునీటి చేపలు మనకు అచ్చిరావని ట్యాంకును బాల్కనీలో పడేస్తారు. తప్పు చేపది కాదు, వరస తారుమారైంది. సముద్రపు ట్యాంకులో అసలైన ఫిల్టరు రాయి. ఏళ్ల తరబడి సముద్రంలో ఉండి, లోపలా బయటా సూక్ష్మజీవులు కాపురం పెట్టిన గుల్లరాయినే లైవ్ రాక్ అంటారు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా విషాన్ని రాతి పైపొరల్లోని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ చేరని లోతు గుల్లల్లో ఉండే మరో రకం ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. 1960ల మొదట్లోనే జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన పెద్ద ఫిల్టర్లేవీ లేకుండా, ఇలాంటి రాయి, గాలి బుడగలతోనే పగడాలు పెంచి చూపించాడు.

1. మొదటి ట్యాంకు 200 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. చిన్నదైతే సులువనుకుంటారు గానీ, నీళ్లు తక్కువున్న కొద్దీ ఉప్పూ వేడీ గంటల్లో మారిపోతాయి. గాజు, రాయి, స్టాండు కలిపితే ఈ ట్యాంకు సుమారు 300 కిలోలు తూగుతుంది. అపార్ట్‌మెంట్లో అయితే హాలు మధ్యలో వద్దు, కింద బీము ఉన్న గోడ వారగా పెట్టండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు.

2. రాయిని మన సముద్రం నుంచి తేవద్దు. రాతిలా గట్టి అస్థిపంజరం కట్టే పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికున్న రక్షణే వాటికీ ఉంది. అండమాన్ చూసొచ్చే వాళ్ల బ్యాగుల్లో చచ్చిన పగడపు ముక్క కనపడినా లాక్కుంటారు. మన్నార్ సింధుశాఖ రాయి అనో, లక్షద్వీప్ రాయి అనో షాపువాడు గొంతు తగ్గించి చెబితే, అక్కణ్నుంచి బయటికొచ్చేయండి. విదేశీ రాయి అంటే దిగుమతి కాగితాలు అడగండి, చూపించలేకపోతే కొనొద్దు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ. ఫ్లోరిడా తీరంలో సహజమైన లైవ్ రాక్ తీయడాన్ని 1990ల్లోనే ఆపేశారు. ఇప్పుడు లీజుకు తీసుకున్న చోట్ల గని సున్నపురాయిని సముద్రంలోకి దింపి, కొన్నేళ్లకు దానిమీద జీవం పట్టాక తీసి అమ్ముతారు. నిజమైన సముద్రపు రాయే, పగడపు దిబ్బను మాత్రం పగలగొట్టలేదు.

3. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవాళ్లకు మంచి దారి పొడి రాయి. ఆక్వేరియం కోసం తయారుచేసిన గుల్ల సిరామిక్, సిమెంటు రాళ్లు దొరుకుతున్నాయి. ఒకే సైజువి రెండు చేతుల్లో పట్టుకుని చూసి, తేలిగ్గా ఉన్నది తీసుకోండి, గుల్లలెక్కువని అర్థం. 200 లీటర్లకు 15 నుంచి 20 కిలోలు సరిపోతాయి. కడప రాయీ, తాండూరు నాపరాయీ సున్నపురాళ్లే కదా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, కానీ అవి చిక్కటి రాళ్లు, లోపల గుల్లలుండవు. పైన పాచి పడుతుందే తప్ప లోపల కాపురం ఉండదు.

4. వంటింటి ఉప్పు పనికిరాదు, కల్లుప్పు కూడా. సముద్రపు నీళ్ల నుంచే కదా తీసింది అంటారు. ఉప్పు మడిలో ఏం జరుగుతుందో చూస్తే విషయం తెలుస్తుంది. నౌపడలోనో చినగంజాంలోనో మడిలో నీరు ఆవిరయ్యేకొద్దీ ముందు కాల్షియం లవణాలు అడుక్కి దిగిపోతాయి. తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. చివరికి మిగిలిన, మెగ్నీషియం ఎక్కువగా ఉన్న చేదునీటిని బయటికి వదిలేస్తారు. పగడం ఒళ్లు కట్టుకోవడానికి ఆ రెండూ కావాలి. అందుకే ఆక్వేరియం వాళ్లు అమ్మే సింథటిక్ రీఫ్ సాల్టే కొనాలి. లీటరుకు 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, బ్రాండును బట్టి కాస్త అటూఇటూ. నీళ్లలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్లు పోస్తే కొన్ని లవణాలు కరగకుండా తెల్లగా పేరుకుపోతాయి.

విశాఖ వాళ్లకు బీచ్ నీళ్లు తెచ్చుకుంటే పోలేదా అనిపిస్తుంది. ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు కలుస్తుంది. పైగా వానాకాలం తర్వాత నదుల వరద బంగాళాఖాతం పైనీటిని పలచన చేస్తుంది, ఏ నెల ఉప్పు ఎంతుంటుందో చెప్పలేం.

5. కొలత కోసం రిఫ్రాక్టోమీటర్ కొనండి. అద్దం మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు చూస్తే నీలం, తెలుపు కలిసే గీత 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతుల ఉప్పు) దగ్గర, అంటే సాంద్రత 1.026 దగ్గర ఉండాలి. దాన్ని 35 పీపీటీ ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి.

6. బోరు నీళ్లు వద్దు, కుళాయి నీళ్లూ వద్దు. ఇంట్లో ఆర్వో ఉంది కదా అనుకుంటే, తాగే నీటి మిషన్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది. దాని తర్వాత, మిగిలిన ఖనిజాలను పీల్చేసే డీఐ గొట్టం ఒకటి బిగించి, టీడీఎస్ మీటరు సున్నా చూపించాకే వాడండి. ఉప్పు కలపడానికి కొత్త ప్లాస్టిక్ డ్రమ్ము మంచిది. అమ్మమ్మ ఇచ్చిన రాగి బిందెనూ ఇత్తడి గంగాళాన్నీ దగ్గరికి కూడా రానివ్వొద్దు. నీళ్లలోకి దిగిన పిసరంత రాగి చాలు, రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ చచ్చిపోతాయి.

7. నిజమైన లైవ్ రాక్ దొరికినవాళ్లు దాన్ని తిన్నగా ట్యాంకులో పెట్టకూడదు. తడి కాగితాల్లో చుట్టి పెట్టెలో ప్రయాణం చేసిన రాయి మీద స్పాంజ్‌లూ పురుగులూ సగం చచ్చే ఉంటాయి. పెట్టె విప్పగానే కుళ్లిన గుడ్డు వాసన గుప్పుమంటుంది, భయపడకండి. ఉప్పునీళ్ల టబ్బులో ముంచి, తెల్లగా జిగురుగా వేలాడే భాగాలను పాత టూత్‌బ్రష్‌తో గీకేయండి. టబ్బులో నీటిని తిప్పే పంపు ఆపకుండా నడవాలి, వేడి 25 డిగ్రీల దగ్గర ఉండాలి, లైటు వద్దు. వెలుతురు పడితే ఆ కుళ్లు తిని పాచి పెరుగుతుంది. మూడు నాలుగు రోజులకోసారి సగం నీళ్లు మార్చండి. రెండు వారాలు పట్టొచ్చు, ఆరు వారాలూ పట్టొచ్చు. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, రాయిని ముక్కు దగ్గర పెట్టుకుంటే తీరపు వాసన తప్ప మరేదీ రాకపోతే అప్పుడు ట్యాంకులోకి.

8. రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఉడికించొద్దు. శుభ్రం చేయడమంటే వేన్నీళ్లే గుర్తొచ్చే ఇళ్లు మనవి కాబట్టి గట్టిగా చెబుతున్నాను. రాయికి అంటుకుని ఉండే జోయాంథిడ్ జీవుల్లో, ముఖ్యంగా పాలిథోవా జాతుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. మరిగిస్తే అది ఆవిరితో గదంతా పాకుతుంది. విదేశాల్లో ఇలా చేసి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి. రాయిని ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు, గీకేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. చేతికి గాయముంటే ఆ రోజు ఆ పని మానేయండి.

9. పొడి రాయి వాడేవాళ్లకు కుళ్లు బాధ లేదు, బ్యాక్టీరియా కూడా లేదు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా పోసి, దానికి మేతగా అమ్మోనియం క్లోరైడ్‌ను 2 పీపీఎం వరకు కలపండి. ఒక రోజులో అది నైట్రైట్‌తో సహా సున్నా అయ్యేదాకా ఆగాలి. మామూలుగా నెల నుంచి నెలన్నర. అమ్మోనియా కోసమని బతికున్న చేపను ‘టెస్టింగ్‌’కి వేయమని చెప్పే షాపులు ఇంకా ఉన్నాయి. ఆ సలహా వినొద్దు.

10. రాళ్లు పేర్చాకే ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, కింద గుంత తవ్వే గోబీ చేప వల్ల ఓ రాత్రి గుట్ట మొత్తం గాజు మీదికి ఒరుగుతుంది. వెనక గాజుకు ఆనించకుండా కాస్త చోటు వదలండి, నీరు చుట్టూ తిరగాలి. ముక్కలు అతికించడానికి ఎపాక్సీ పుట్టీ, జెల్ సూపర్ గ్లూ చాలు.

11. రాయితో పిలవని చుట్టాలు వస్తారు. మనకు దడ పుట్టించే బ్రిసిల్ వార్మ్ చాలావరకు మంచిదే, మిగిలిన మేత తిని బతుకుతుంది. చేత్తో పట్టుకుంటే మాత్రం సన్నటి నూగుముళ్లు గుచ్చుకుని రెండు రోజులు మంట. రాత్రిపూట ట్యాంకులోంచి టక్ టక్‌మని చప్పుడొస్తే అది పిస్టల్ రొయ్య కావచ్చు, మాంటిస్ రొయ్య కావచ్చు. మొదటిది నిరపాయకరం, రెండోది నత్తల గుల్లలు పగలగొట్టి తింటుంది. అది దాక్కున్న రాయిని బయటికి తీసి, ఇంకాస్త ఉప్పు ఎక్కువ కలిపిన నీళ్లలో కొన్ని నిమిషాలుంచితే తనే బయటికొస్తుంది. అసలు శత్రువు ఐప్టేజియా అనే ఎనిమోన్. వేలెడంత కూడా ఉండదు, గోధుమ రంగులో పారదర్శకంగా, బుల్లి కొబ్బరిచెట్టులా ముద్దుగా కనిపిస్తుంది. ముచ్చటపడి వదిలేస్తే నెలల్లో రాయంతా తోటే. కత్తితో గీకితే ప్రతి ముక్కా ఒక కొత్త మొక్క. సిరంజీతో దాని నోట్లోకి చిక్కటి సున్నం ముద్ద ఎక్కించాలి, లేదా పెప్పర్‌మింట్ రొయ్యలు రెండు వేయాలి.

12. మొదట రాళ్ల మీద గోధుమ రంగు దుమ్ములా డయాటం పాచి పడుతుంది, తర్వాత ఆకుపచ్చ నాచు. ఇది అందరికీ వచ్చేదే. మందులు పోయకండి. అయిదారు నత్తలు వేసి, లైటు తగ్గించండి.

13. నీటి మట్టం తగ్గితే ఉప్పు కలపని మంచినీళ్లే పోయాలి, అవీ డీఐ గొట్టం దాటినవే. ఆవిరయ్యేది నీరు, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది.

14. ఎండాకాలానికి ముందే ఏర్పాటు చేసుకోండి. నీళ్లు 25, 26 డిగ్రీల దగ్గరుంటే మంచిది, 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు తెల్లబోతాయి. హైదరాబాద్ పొడి ఎండల్లో నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. కాకినాడ, విశాఖ ఉక్కలో ఫ్యాను పెద్దగా పనిచేయదు, చిల్లర్ కొనాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు కాదు, నీటిని తిప్పే పంపు నడవాలి. వైర్లు గోడ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా బిగిస్తే, జారిన ఉప్పునీటి చుక్క ప్లగ్గులోకి కాక నేల మీద పడుతుంది.

15. ట్యాంకున్న గదిలో దోమల స్ప్రే కొట్టొద్దు, సాంబ్రాణి వేయొద్దు. నీటిలోని మురికిని నురగగా తీయడానికి గాలిని లాగే స్కిమ్మర్ యంత్రం ఆ పొగనూ నీళ్లలోకి లాగుతుంది. కొబ్బరినూనె రాసుకున్న చేతులూ, సబ్బు పోయేలా కడగని చేతులూ అంతే.

16. మొదటి చేపలుగా క్లౌన్ జంట, అంటే పిల్లలడిగిన నీమోలే, మంచిది, అదీ హేచరీలో పుట్టినవి. మనదేశంలో సీఎంఎఫ్ఆర్ఐ శాస్త్రజ్ఞులు ఈ పెంపకాన్ని సాధించి చాలా కాలమైంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఏరుకోండి. పుట్టుకతో అన్నీ మగవే, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. వాటికి ఎనిమోన్ అక్కర్లేదు. కావాలనుకున్నా ఏడాది దాకా ఆగండి. ‘డోరీ’ నీలి చేప జోలికి పోకండి, అది అడుగు దాకా పెరుగుతుంది, మీ ట్యాంకు దాని ఈతకు చాలదు.

17. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు మేతను ఏ రోజుకారోజు చిన్న పొట్లాలు కట్టి పక్కింటి వాళ్లకివ్వండి. డబ్బా ఇస్తే ప్రేమ కొద్దీ డబ్బా ఖాళీ చేస్తారు. ట్యాంకు మీద స్కెచ్ పెన్నుతో గీత గీసి, నీళ్లు అక్కడికి పోయమని చెప్పి, ఆ మంచినీళ్ల డబ్బాను పక్కనే పెట్టండి. ఉప్పు సంచీని మాత్రం అటకెక్కించి వెళ్లండి.