ఫినాయిల్ వాసనే శుభ్రత అనుకోకండి

ఇంట్లో పాకే బిడ్డ ఉంటే తల్లిదండ్రుల చూపంతా నేల మీదే ఉంటుంది. గదంతా ఫినాయిల్ ఘాటు కొడితేగానీ ధీమా కలగదు. ఆ ఆరాటం మంచిదే, దానికి కాస్త తెలివిడి తోడవ్వాలి.

మురికి వదిలించడం వేరు, క్రిములను చంపడం వేరు. సబ్బునీళ్లు జిడ్డుతోపాటు చాలా క్రిములను కూడా కడిగేస్తాయి. రోజూ తుడిచే నేలకు, బిడ్డ బొమ్మలకు అవే చాలు. చంపే మందు కావలసింది కొన్నిచోట్లే. మరుగుదొడ్డిలో వాడండి. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు ఆ చోట వాడండి.

అందుకు బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. లీటరు నీటికి సుమారు 3 గ్రాములు కలపండి. ముందు సబ్బుతో మురికి కడిగేయాలి, లేకపోతే మందు బలమంతా మురికికే ఖర్చైపోతుంది. తర్వాత ఆ నీళ్లు చల్లి 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి, మంచినీళ్లతో కడగండి. చల్లిన వెంటనే తుడిచేస్తే క్రిములు చావవు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోండి, నిల్వ ఉంటే బలం తగ్గుతుంది.

ఒక్క మాట మాత్రం మరవకండి. బాత్‌రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఎన్నడూ కలపకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. అలాగే ఫినాయిల్‌ను, యాసిడ్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచకండి. సీసాను చూసి పిల్లలు తాగేది అనుకుంటారు. పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించకండి, గొంతు మళ్లీ కాలుతుంది. 108కి ఫోన్ చేసి, ఆ సీసా వెంట పట్టుకుని ఆస్పత్రికి వెళ్లండి.

1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్షలు చేసి కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్లతో ఈ బ్లీచింగ్ జాతి ద్రావణంలోనే చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు బాగా తగ్గిపోయాయి. జబ్బు చేతుల వెంట వస్తోందని ఆయన గమనించాడు. మన చేతులకు అంత ఘాటు మందు అక్కర్లేదు, మామూలు సబ్బు చాలు. దొడ్డికి వెళ్లొచ్చాక, అన్నం కలిపే ముందు, బయటి నుంచి రాగానే బిడ్డను ఎత్తుకోబోయే ముందు 20 సెకన్లు రుద్ది కడుక్కోండి. నేల కన్నా ఎక్కువసార్లు బిడ్డను తాకేవి మన చేతులే కదా.