మరెమ్మ: ఒక మాట కథ

ఇటలీ పటం చూడండి. పడమటి తీరాన టస్కనీ అనే ప్రాంతం ఉంది. దాని దక్షిణ భాగంలో, గ్రోసెటో పట్టణం చుట్టూ ఉన్న పల్లపు నేలను 'మరెమ్మ' అంటారు. ఇటాలియన్ భాషలో ఈ మాటకు సముద్రం పక్కనున్న చిత్తడి నేల అని అర్థం.

ఈ పేరు వినగానే మీకు మన గ్రామదేవత మారెమ్మ గుర్తుకు రావచ్చు. కాని ఈ రెండు పేర్లకూ సంబంధం లేదు. వినడానికి ఒకేలా ఉన్నంత మాత్రాన రెండు మాటలకు ఒకే పుట్టుక ఉండదు. పాత రూపాలను పరిశీలించాలి.

'మరెమ్మ'కు పాత రూపం లాటిన్ భాషలోని 'మారిటిమా'. 'మారే' అంటే సముద్రం; 'మారిటిమా' అంటే సముద్రతీర ప్రాంతాలు. వాడుకలో దీని నడిమి అచ్చు జారిపోయింది, మన 'పదునాలుగు' 'పద్నాలుగు' అయినట్లే. అలా పక్కపక్కకు చేరిన ట, మ అనే హల్లులు కలిసి 'మ్మ' అయ్యాయి.

అయితే పాత అర్థంలో బురద ప్రసక్తే లేదు కదా! మరి అదెలా వచ్చింది? అది ఆ నేల స్వభావం నుంచి వచ్చింది. తీరం వెంబడి ఇసుక దిబ్బలు అడ్డుపడటంతో ఆ పల్లంలోని నీరు సముద్రంలోకి పోలేక నిలిచిపోయేది. వేసవిలో అక్కడ జ్వరాలు ప్రబలేవి. 19వ శతాబ్దంలో కూడా వేసవి రాగానే గ్రోసెటోలోని ప్రభుత్వ కార్యాలయాలు కొండమీది స్కాన్సానో అనే ఊరికి తరలిపోయేవి. బురదనుంచి లేచే చెడుగాలే జ్వరానికి కారణమని అప్పటివారు నమ్మారు. ఇటాలియన్‌లో 'మాల అరియా' అంటే చెడుగాలి. 'మలేరియా' అనే పేరు అలా పుట్టిందే.

1828లో టస్కనీ పాలకుడు రెండవ లియోపోల్డ్ ఈ బురదనేలను బాగుచేయించే పనికి పూనుకున్నాడు. ఒంబ్రోనె నది వరదనీటిని కాలువల ద్వారా పల్లాలలోకి మళ్ళించారు. నీటిలోని ఒండ్రు అడుగున పేరుకొని నేల కొద్దికొద్దిగా మెరక అయింది.

జ్వరం వ్యాపించే తీరుకు కీలకమైన ఆధారం మన సికింద్రాబాదులో దొరికింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే వైద్యుడు, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో ఆ వ్యాధి పరాన్నజీవిని చూశాడు. అనాఫిలిస్ దోమలే మనుషులకు మలేరియాను చేరవేస్తాయని 1898లో ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు నిరూపించారు. నిలువనీటిలో ఆ దోమలు పెరుగుతాయి. కనుక చెడుగాలి అన్న ఊహ తప్పే అయినా, నీరు నిలవకుండా చేయడం సరైన పనే!

20వ శతాబ్దంలో మురుగు కాలువలు, దోమల మందులు మిగిలిన పని చేశాయి. 1970లో ఇటలీ మలేరియా లేని దేశంగా గుర్తింపు పొందింది. ఒకప్పటి బురదలో చాలాభాగం ఇప్పుడు పొలాలు, ద్రాక్షతోటలు. అయినా 'మరెమ్మ' అనే మాట ఆ బురదను, 'మలేరియా' అనే మాట ఆ పాత నమ్మకాన్ని ఇంకా మోస్తూనే ఉన్నాయి.