పేగుతో కట్టిన మూత్రాశయం – నర్సు నేర్పే పాఠం

కంప్యూటర్ వాళ్ళకి ఇంటరప్ట్‌కీ, పోలింగ్‌కీ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. మన మూత్రాశయం ఇంటరప్ట్ పద్ధతిలో పనిచేస్తుంది. నిండగానే మెదడుకి కబురు పంపుతుంది. కేన్సర్ వల్ల దాన్ని తీసేసి, చిన్నపేగు ముక్కతో కొత్తది కడితే ఆ కబురు రాదు. ఇక మిగిలేది పోలింగే. గడియారం చూసుకుని మనమే ఖాళీ చేసుకోవాలి. సంచీ కట్టేది సర్జన్ అయితే, దానితో బతకడం నేర్పేది నర్సు.

2006లో ఆంథొనీ అటాలా బృందం రోగుల సొంత కణాలతో పెంచిన మూత్రాశయాల గురించి లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. 2025 మేలో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో మొట్టమొదటి మూత్రాశయ మార్పిడి జరిగింది. అయినా ఆసుపత్రుల్లో మామూలుగా జరిగేది పేగుతో కట్టడమే. దీన్నే నియోబ్లాడర్ అంటారు. సుమారు 50–60 సెంటీమీటర్ల పేగుని నిలువునా చీల్చి, మడిచి, సంచీలా కుడతారు.

అయితే ఎక్కడ పెట్టినా పేగు పేగే. దాని పాత అలవాట్లు పోవు.

మొదటిది, జిగురు. అది కెథీటర్‌కి అడ్డుపడితే సంచీ ఉబ్బి కుట్లు తెగవచ్చు. అందుకే నర్సు రోజుకి కొన్నిసార్లు 30–60 మిల్లీలీటర్ల సెలైన్‌తో మెల్లగా కడుగుతుంది. కెథీటర్ రెండు మూడు వారాలు ఉంటుంది, రోగి మాత్రం అంతకు ముందే ఇంటికి వచ్చేస్తాడు. కాబట్టి ఈ పని ఇంట్లోవాళ్ళకి రావాలి. ఆసుపత్రిలో ఉండగానే నర్సు ఎదుట చేసి చూపించండి.

రెండోది, పీల్చుకోవడం. మూత్రంలోని ఆమ్లం రక్తంలోకి చేరితే నీరసం, వికారం వస్తాయి, రక్తపరీక్షలో తెలుస్తుంది. బి12 విటమిన్‌ని పీల్చేది కూడా ఆ పేగు భాగమే. మనలో శాకాహారులకి అసలే బి12 తక్కువ, వాళ్ళు ఏటా పరీక్ష చేయించుకోవాలి.

మూడోది, నిండినట్టు తెలియకపోవడం. కెథీటర్ తీశాక మొదట్లో పగలు రెండు గంటలకీ, రాత్రి అలారం పెట్టుకుని మూడు గంటలకీ వెళ్ళాలి. కూర్చుని, కింది కండరాలు వదులుచేసి, పొట్ట బిగించాలి. మెల్లగా వ్యవధి పెంచితే సంచీ 400–500 మిల్లీలీటర్లు పడుతుంది. అతిగా సాగితే పూర్తిగా ఖాళీ అవదు. కొందరికి తామే కెథీటర్ పెట్టుకోవలసి వస్తుంది. మీ నర్సు చెప్పిన వేళలే మీకు లెక్క.

రాత్రిపూట పక్క తడవడం నెలల తరబడి ఉండవచ్చు. సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేసే పెద్దవాళ్ళున్నారు. అది ప్రమాదం. ఇంగ్లీషు రాని నాన్నగారికి కొడుకో, కోడలో అనువాదం చేస్తుంటే ఆయన ఇలాంటివి నోరు విప్పి చెప్పరు. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. తెలుగు దుబాసీ కావాలని ముందే అడగండి.

చలిజ్వరం, కడుపునొప్పి, మూత్రం ఆగిపోవడం – వీటిలో ఏది వచ్చినా ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఇది పేగుతో కట్టిన మూత్రాశయమని అక్కడ మొదటే చెప్పండి. ఎందుకంటే ఈ సంచీ మూత్రంలో బాక్టీరియా ఉండటం మామూలే. మామూలు మూత్రాశయం అనుకుంటే పరీక్ష ఫలితాన్ని పొరపాటుగా చదివే వీలుంది. ఆ మాట రాసిన కార్డు ఒకటి రోగి జేబులో ఎప్పుడూ ఉంచండి.