పసుపు జాకెట్ వేసుకున్న రెండు నెలలు

ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశాను. రెండో రోజే అడ్మిన్ మేడమ్ వచ్చి "మన ఫ్లోర్‌కి ఫైర్ వార్డెన్ కావాలి, ఎవరుంటారు?" అని అడిగారు. అందరూ మానిటర్లలోకి తల దూర్చేశారు. కొత్తవాణ్ణి కదా, నేను చెయ్యెత్తేశా. ఒక పసుపు జాకెట్, ఒక విజిల్, సగం రోజు ట్రైనింగ్ ఇచ్చారు. ఇంగ్లిష్‌లో నేర్చుకున్నదాన్ని తెలుగులో రాస్తున్నా, మాటలు అక్కడక్కడా తడబడితే సర్దుకోండి.

సిలిండర్ పట్టుకుని మంటలోకి దూకడమే ఈ పని అనుకున్నా. ట్రైనింగ్ ఇచ్చినాయన ఫైర్ సర్వీస్‌లో చేసి రిటైరైన సార్. మొదటి మాటే, "మంట ఆర్పడం తర్వాత బాబూ, లోపల ఎవరూ మిగలకుండా చూడ్డం నీ పని" అన్నారు. తర్వాత సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ గురించి చెప్పారు. 2023 మార్చి 16 సాయంత్రం అక్కడ మంటలొచ్చి ఆరుగురు చనిపోయారు. అందరూ ఇరవై దాటి కొన్నేళ్లే అయిన ఉద్యోగులు. వాళ్ల ప్రాణం తీసింది పొగ. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నేను టెన్త్ పరీక్షలకి చదువుకుంటున్నా. చూసి ఛానెల్ మార్చేసినట్టు గుర్తు.

పొగ సంగతి నిజంగా తెలుసుకోవాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే మనిషికి మంట కనిపించకముందే తల తిరుగుతుంది, బుర్ర పనిచేయదు. వేడి పొగ సీలింగ్ కిందికి చేరుతుంది, కాస్త మంచి గాలి నేలకి దగ్గర్లో మిగులుతుంది. కాబట్టి వంగి, అవసరమైతే పాకుతూ వెళ్లాలి. మూసి ఉన్న తలుపు తెరిచేముందు అరచేతి వెనక భాగంతో తాకి చూడాలి, వేడిగా ఉంటే తెరవకూడదు. బయటికెళ్తూ తలుపులు వేసుకుంటూ వెళ్లాలి, తాళం మాత్రం వేయొద్దు. లిఫ్ట్ ఎక్కొద్దు. కరెంట్ పోతే అందులోనే ఇరుక్కుంటాం, పైగా లిఫ్ట్ గొయ్యి చిమ్నీలా పొగని లాగుతుంది.

సిలిండర్ సంగతి త్వరగా చెప్పేస్తా. ముందు అలారం నొక్కి, 101 కి గానీ 112 కి గానీ ఫోన్ చేయాలి. మంట చెత్తబుట్టంత ఉండి, మన వెనక దారి తెరిచి ఉంటేనే ప్రయత్నించాలి. పిన్ లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, హ్యాండిల్ నొక్కి, అటూ ఇటూ ఊపాలి. కొన్ని సెకన్లలోనే ఖాళీ అయిపోతుంది. సర్వర్ రూమ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ది వాడతారు, ఎందుకంటే పౌడర్ పడితే మెషిన్లు పాడవుతాయి. దాని గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చలికి చర్మం కాలినట్టవుతుంది.

నెల తర్వాత ఏసీ పైపులకి వెల్డింగ్ పెట్టారు. దుమ్ముకి మోగుతుందని మా ఫ్లోర్ అలారం ఆపేశారు. అలాంటప్పుడు అలారం బదులు ఒక మనిషి కాపలా ఉండాలి, అతన్నే ఫైర్ గార్డ్ అంటారు. సెక్యూరిటీ అన్నతో పాటు నేనూ ఉన్నా. ఫోన్ చూడకూడదు, వేరే పని పెట్టుకోకూడదు. 35 అడుగుల లోపల కాలేవేవీ ఉండకూడదు, తీయలేనివాటి మీద మంటకి తట్టుకునే దుప్పటి కప్పాలి. వెల్డర్ వెళ్లిపోయాక అసలు కాపలా మొదలవుతుంది. రవ్వ సందులో పడి నెమ్మదిగా రాజుకుంటుంది కదా. అమెరికా ఓషా నియమం కనీసం అరగంట ఉండమంటుంది. మా సార్ గంట ఉండమన్నారు. బోర్ కొట్టింది, కానీ ఉన్నాం.

ఇంత నేర్చుకుని కూడా డ్రిల్‌లో తప్పు చేశా. అలారం మోగగానే జాకెట్ వేసుకుని, విజిల్ ఊది, అందర్నీ మెట్ల మీదుగా పార్కింగ్‌లోకి దింపా. అటెండెన్స్ యాప్ తెరిచి లెక్కపెట్టా. 41 మంది ఉండాలి, 41 మందీ ఉన్నారు. "ఆల్ క్లియర్" అని గర్వంగా చెప్పేశా. ఐదు నిమిషాల తర్వాత మెట్ల మీంచి బకెట్‌తో హౌస్‌కీపింగ్ అక్క దిగింది. వాష్‌రూమ్ కడుగుతోందట.

"గంట ఇనబడ్డది తమ్మీ. టెస్టింగేమో అనుకున్న. నన్నెవ్వలు పిలవలే."

ఆమె కాంట్రాక్టర్ మనిషి, మా యాప్‌లో పేరే లేదు. నా కోడ్ కరెక్టే, డేటానే తప్పు, అని మనం ల్యాబ్‌లో అంటుంటాం కదా. ఆ మాట అక్కడ అనలేకపోయా. నిజంగా మంటైతే, నేను "అందరూ వచ్చేశారు" అన్నానని ఫైర్ వాళ్లు ఆమె కోసం లోపలికి వెళ్లేవాళ్లు కాదు. వాష్‌రూమ్ తలుపు కొట్టి చూడమని ట్రైనింగ్‌లో స్పష్టంగా చెప్పారు. నేనే కొట్టలేదు.

మర్నాటి నుంచి ఉదయం పదింటికి కాగితం మీద లెక్క రాశా: ఉద్యోగులు, హౌస్‌కీపింగ్, క్యాంటీన్ కుర్రాడు, ఆరోజు వచ్చిన కొరియర్, ఏసీ మెకానిక్. మధ్యాహ్నం మళ్లీ సరిచూసేవాణ్ణి. వెనక మెట్ల మీద అట్టపెట్టెలు పెట్టేవారు. మూడుసార్లు తీయించా, నాలుగోసారి మళ్లీ పెట్టారు. చివరి రోజు జాకెట్ ఇచ్చేస్తూ కొత్తగా వచ్చిన ఇంటర్న్ అమ్మాయికి ఆ కాగితం చూపించా, తర్వాత ఆ పెట్టెలు చూపించా. ఇద్దరం కలిసి కిందికి మోశాం.