పస్తుంటే నడుం తగ్గుతుందా చెల్లాయ్?

ఏమే, నువ్వూ మొదలుపెట్టావటగా పదహారు గంటల ఉపవాసం! మధ్యాహ్నం పన్నెండుకి మొదటి ముద్ద, రాత్రి ఎనిమిదికి ఆఖరి ముద్ద. నిజం చెప్పనా? మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఈ వ్రతం పడుతున్నారు. పిల్లల క్యారేజీలు, అత్తగారి కాఫీ, ఆయన టిఫిను అయ్యేసరికి పదకొండు దాటుతుంది. మరి సన్నబడ్డామా? ఎక్కడ! మధ్యలో రెండు కాఫీలు, పిల్లలు వదిలేసిన సగం దోసె, పారేయడానికి మనసొప్పని పులిహోర అడుగు. వాటిని మనం లెక్కలో వేసుకోం, ఒళ్ళు మాత్రం వేసుకుంటుంది.

కార్తీక సోమవారం సంగతీ అంతే. చుక్క కనబడగానే ఉప్పుడుపిండి, పాయసం, రెండు అరటిపళ్ళు. శివుడికి మన నడుం కొలతతో పనేముంది?

మొదటి వారంలోనే రెండు కిలోలు తగ్గానని మురిసిపోతున్నావు కదూ. అందులో చాలామటుకు నీళ్ళే తల్లీ. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని నిల్వ ఉంటుంది. ప్రతి గ్రాముకీ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుందది. తిండి ఆగితే ముందు అదే ఖర్చవుతుంది, దాంతోపాటే నీళ్ళూ పోతాయి. పండక్కి నాలుగు పూటలు కడుపునిండా తిను, రెండూ తిరిగొస్తాయి.

చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయుల్ని ఏడాదిపాటు చూశారు. అందరికీ తిండి తగ్గించారు. సగం మందిని మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు. 2022లో ఫలితం అచ్చయింది. గంటల కట్టుబాటు ఉన్నవాళ్ళు సగటున 8 కిలోలు, లేనివాళ్ళు 6.3 కిలోలు తగ్గారు. ఆ తేడా పట్టించుకునేంతది కాదని పరిశోధకులే తేల్చారు. ఇద్దరికీ కలిసొచ్చింది కంచంలో కోతే అన్నమాట.

అయినా నిన్ను మానమనను. ఎనిమిదింటికి వంటింట్లో దీపం ఆర్పేస్తే సీరియల్ ముందు మిక్చరు డబ్బా ఆగుతుంది. నా దృష్టిలో దీని అసలు లాభం అదే. కాకపోతే పన్నెండింటికి ఆవురావురుమంటూ అన్నం మీద పడకు. ముందు పప్పో, గుడ్డో, పెరుగో కడుపులో పడాలి. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతోపాటు కండా కరుగుతుంది.

అమ్మ కూడా నీతోపాటు మొదలుపెడతానంటోందట! ఆవిడ షుగరుకి వాడేది గ్లిమిపిరైడ్. అది వేసుకుని పస్తుంటే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మాత్ర వేళ మార్చాలో, మోతాదు తగ్గించాలో డాక్టరుని అడిగేదాకా ఆవిడ ఇడ్లీ పొద్దున్నే పెట్టెయ్యి.